అనేక్ తెలుగు: ఆ వెడల్పు మీట కోసమే

ఈ ఉచిత ఫాంటు మీద నాకున్న ప్రేమంతా ఒక్క మీట మీదే. అక్షరాల వెడల్పును పెంచి తగ్గించే వెడల్పు మీట. ‘శ్రీ దేవీ శరన్నవరాత్రి మహోత్సవ ఆహ్వానము’ అన్నది ఒకే వరుసలో రావాలంటారు కమిటీ వాళ్లు, కరపత్రమేమో సన్నటిది. మామూలుగా అందరూ చేసేది అక్షరాలను పక్కల నుంచి నొక్కేయడమే. నిలువు గీతలు పీలబడి, అడ్డగీతలు లావుగా మిగిలి, తలకట్లన్నీ వికారంగా తయారవుతాయి. అనేక్‌లో మామూలు వెడల్పు అయిన 100 దగ్గరున్న మీటను 75కు జరిపితే అక్షరం ఇరుకవుతుంది గాని గీత పొందిక చెడదు. ఆ ఇరుకు రూపాన్ని కూడా ఈ ఫాంటు తయారుచేసిన ఏక్ టైప్ బృందం విడిగా గీసిపెట్టింది మరి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి డబ్బు తీసుకుని చేసే పనులకూ వాడుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు.

ఒకసారి మాత్రం ఈ మీటే ముంచింది. పీడీఎఫ్ వద్దు, అసలు ఫైలే కావాలని ప్రెస్సు వాళ్లు పట్టుబట్టారు. ఫైలుతో పాటు ఫాంటూ పంపాను. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కు వెడల్పు మారే ఫాంటంటే ఏమిటో తెలియదు. మారు మాట లేకుండా మామూలు వెడల్పుకు తెచ్చేసింది. శీర్షిక పట్టక ‘ఆహ్వానము’ రెండో వరుసలోకి దూకింది. దాని కింద ‘అందరూ విచ్చేసి’ అని ఉంది. హకు కింద వేలాడే వ ఒత్తు వెళ్లి సరిగ్గా ‘వి’ గుడి మీద కూర్చుంది. ఫోనులో చూపించి, ‘‘మీ ఫాంటే అంత సార్, మా దగ్గరున్నది వేసేయమంటారా?’’ అన్నాడు ఆపరేటర్. ఆ రాత్రి దొరికిన విరుగుడు గూగుల్ ఫాంట్స్ ఇచ్చే జిప్‌లోనే ఉంది. అందులో ‘స్టాటిక్’ అనే ఫోల్డరు ఉంటుంది. ఇరుకు, వెడల్పు రూపాలన్నీ వేర్వేరు ఫైళ్లుగా అందులో ఉంటాయి. వెడల్పు మీట తెలియని సాఫ్ట్‌వేర్ కూడా వాటిని మామూలు ఫాంట్లుగానే చూస్తుంది. ఇక ప్రెస్సుకు పంపే ప్రతిసారీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చేస్తున్నాను. అసలు ఫైలు మాత్రం నా దగ్గరే, చివరి నిమిషంలో అతిథి పేరు మారకుండా ఉండదు కదా.

మొదట్లో దీన్ని మించింది లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. బాగా ఇరుకు, బాగా మందం కలిపి చిన్న సైజులో పెడితే ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. చవక కాగితం మీద సిరా పాకితే మ ఏదో య ఏదో వెతుక్కోవాలి. 75 దాకా వెళ్లడం శీర్షికలకే పనికొస్తుంది. పెళ్లి శుభలేఖలో అయితే బ్యాంకు ప్రకటనలా ఉంటుంది. అక్కడ నేను రామభద్ర ఫాంటుకే వెళతాను, ఒకే మందం ఉన్నా సరే. పేజీల కొద్దీ చదివే పాఠానికి మండలి ఫాంటు నయం.

నావన్నీ కరపత్రాలు, బడి పత్రికలు, అపార్టుమెంటు నోటీసులు. పెద్ద అక్షరాలు, తక్కువ జాగా, చేతిలో డబ్బు లేదు. ఆ లెక్కన నాకిది చాలు. పుస్తకాలు కూర్చేవారికి, పాత సాఫ్ట్‌వేర్ వదలని ప్రెస్సులతో రోజూ పడేవారికి ఇదే మాట చెప్పలేను.