వాడిన క్యాటలీనా 22: ప్రకటనలోని జాబితా పక్కనపెట్టి ముందు కీల్ చూడండి

కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్లి నీళ్లలో దించాలి, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలు రెండు రాత్రులు అందులోనే పడుకుని తిరిగి రావాలి. అలాంటి తెరచాప పడవ కోసం వెతికేవాళ్లు వాడినవాటిలో మొదట చూడాల్సింది క్యాటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ 1969లో రూపొందించిన ఈ పడవలు 15 వేలకు పైగా తయారయ్యాయి. అంత సంఖ్యలో ఉండబట్టే చీల దగ్గర్నుంచి చుక్కాని దాకా ఏ భాగం పోయినా కొత్తది దొరుకుతుంది. నలభై ఏళ్ల పడవని కొనేవాళ్లకి ఇది చిన్న ఊరట కాదు.

పొడవు 21 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. ఖాళీ పడవ సుమారు 2,250 పౌండ్లు, అంటే వెయ్యి కిలోల పైచిలుకు. కీల్ అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క. ఇక్కడ చెప్పేదంతా దాన్ని ఎత్తి దించగలిగే స్వింగ్ కీల్ రకం గురించి: కీల్ దించితే 5 అడుగుల లోతు కావాలి, ఎత్తితే 2 అడుగులు చాలు. కీల్ కదలకుండా ఉండే ఫిన్ కీల్ రకం గాలికి ఎదురు ఇంకాస్త బాగా వెళ్తుంది, కీల్‌ని ఎత్తే కేబుల్ బెడద దానికి అసలే లేదు. కానీ దానికి ఎప్పుడూ మూడున్నర అడుగుల నీళ్లు ఉండాలి. పడవని నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర ప్రతిసారీ అదో తంటా. ఏడాదంతా ట్రైలర్ మీదే ఉండే పడవకి స్వింగ్ కీలే నయం.

అమ్మేవాళ్ల ప్రకటనల్లో సామాను జాబితా చాంతాడంత ఉంటుంది. రోలర్ ఫర్లర్ (ముందు చాపని చుట్టే గొట్టం), టిల్లర్ పైలట్ (టిల్లర్‌ని, అంటే చుక్కాని పిడిని, తనే పట్టే యంత్రం), సోలార్ ప్యానెల్, కొత్త కుషన్లు, స్పీకర్లు. అన్నీ పనికొచ్చేవే, కానీ వీటిలో ఏదైనా డబ్బు పెడితే ఒక మధ్యాహ్నంలో బిగించుకోవచ్చు. కీల్ యంత్రాంగం, రిగ్గింగ్ (మాస్ట్‌ని, అంటే చాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే తీగలు), ట్రైలర్ అలా కావు. ఈ మూడూ బాగుంటే ఒట్టి పడవ అయినా మంచి బేరమే. ఇవి పాడైతే పైన ఎంత సామాను ఉన్నా దండగ.

కీల్ అంటే దాదాపు 550 పౌండ్ల పోత ఇనుము. దాని ముందు కొస ఒక అంగుళం మందమున్న కంచు చీల మీద వేలాడుతుంది. ఆ చీలని రెండు హ్యాంగర్లు పట్టుకుంటాయి, హ్యాంగర్లని బోల్టులతో పడవ అడుగుకి బిగిస్తారు. క్యాబిన్ మెట్టు కింద కేబుల్ చుట్టే చిన్న చేతి వించ్ ఉంటుంది. దాని స్టెయిన్‌లెస్ కేబుల్ ఒక రబ్బరు గొట్టంలోంచి దిగి, అడుగున ఓ రోలర్ మీదుగా మలుపు తిరిగి, కీల్ వెనక భాగానికి తగులుకుంటుంది. కీల్ ఎత్తి ఉన్నప్పుడు దాని వెనక బరువంతా ఈ సన్న కేబుల్ మీదే. తెగిందంటే పావు టన్ను ఇనుము చీల మీద ఊగుతూ ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఆ దెబ్బకి కీల్ గూడు పగిలితే నీళ్లు తన్నుకొస్తాయి. మునిగేదాకా పోయిన పడవలున్నాయి.

కేబుల్ సాధారణంగా తెగేది కళ్లకి కనిపించే చోట కాదు. కీల్‌కి తగులుకునే కొసన, నొక్కి బిగించిన లోహపు తొడుగు ఉంటుంది. దాని లోపల నీరు నిలిచి, పైకి మెరుస్తూనే లోన తీగలు తినేసి ఉంటాయి. టార్చి పట్టుకుని ట్రైలర్ కిందికి దూరి ఆ కొసని చూడండి. ఒక గుడ్డని కేబుల్ చుట్టూ పట్టి దాని పొడవునా మెల్లగా జరపండి, వట్టి చేత్తో మాత్రం పట్టుకోకండి. తెగిన తీగ ఒక్కటున్నా గుడ్డ తగులుకుంటుంది. తొడుగు అంచున గోధుమరంగు మరక ఉన్నా కేబుల్ మార్చాల్సిందే. ఉప్పునీటిలో తిరిగే పడవకి రెండు మూడేళ్లకోసారి, చూడ్డానికి బాగున్నా సరే, మార్చేయడం మేలు. కేబుల్‌తో పాటు దాన్ని కీల్‌కి తగిలించే పిన్ను, రోలర్, రబ్బరు గొట్టం, గొట్టానికి రెండు చివరలా క్లాంపులు కూడా కొత్తవి వేయండి. గొట్టం చీలినా నీళ్లు నేరుగా క్యాబిన్‌లోకే వస్తాయి. ఇది చిన్న భాగమని అందరూ వదిలేస్తారు.

వించ్ తిప్పేటప్పుడు టిక్ టిక్ మని శుభ్రంగా వినిపించాలి. హ్యాండిల్ వదిలితే అక్కడే ఆగాలి. జారుతోందంటే ఎవరో పుణ్యాత్ములు బ్రేక్ పళ్లేలకి నూనె పట్టించి ఉంటారు. గేర్లకి గ్రీజు కావాలి, ఒరిపిడితో పనిచేసే బ్రేక్ పళ్లేలు మాత్రం పొడిగానే ఉండాలి. కీల్ దించేటప్పుడు హ్యాండిల్ ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. వదిలేస్తే అది గిర్రున తిరిగి మణికట్టు విరుగుతుంది. పిల్లల చేతికి ఈ పని ఇవ్వకండి.

తర్వాత చీల అరుగుదల. ట్రైలర్ మీద కీల్ బరువు అడ్డకమ్మీ మీద ఆని ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. దారి పొడవునా కేబుల్ మీద వేలాడితే ప్రతి గతుకూ దానికి దెబ్బే. చూడ్డానికి మాత్రం వించ్‌తో కాస్త ఎత్తించి, కిందికి దూరకుండా పక్కనుంచి ఓ కర్రతో కీల్‌ని అటూ ఇటూ తొయ్యండి. కొంచెం కదలిక మామూలే. ‘ఠక్ ఠక్’ మని కొడుతుంటే చీల గానీ, కీల్‌లోని రంధ్రం గానీ అరిగింది. లంగరు వేసుకున్న రాత్రి అలలకి పడవ ఊగిన ప్రతిసారీ ఆ చప్పుడు వస్తుంది, క్యాబిన్‌లో ఎవరికీ నిద్ర పట్టదు. చీల కొత్తది వేసి పక్కన సందు నింపే స్పేసర్లు పెడితే చాలాసార్లు సరిపోతుంది. రంధ్రం గుడ్డు ఆకారానికి వచ్చేస్తే దాన్ని తొలిచి బుష్ (లోపల తొడిగే చిన్న గొట్టం) వేయాలి. దానికి పడవని పైకి లేపి కీల్ ఊడదీయాలి కాబట్టి ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. కీల్ పక్కన ఒక లాకింగ్ బోల్టు కూడా ఉంటుంది. అది బిగిస్తే చప్పుడు ఆగుతుంది. బిగించి ఉండగా కీల్ నేలకి తగిలితే మాత్రం అది సులువుగా పైకి లేవదు, దెబ్బంతా పడవ అడుగు తింటుంది. కీల్ మీద పైపై తుప్పు చూసి కంగారు పడొద్దు, గీకి ఎపాక్సీ పట్టిస్తే సరి. పెచ్చులు పెచ్చులుగా లేచి గూట్లో ఇరుక్కునే స్థితి మాత్రం పెద్ద పనే.

పడవ ఒళ్లు ఫైబర్‌గ్లాస్, గట్టిది. డెక్‌లో మాత్రం లోపల ప్లైవుడ్ ఉంటుంది. డెక్‌లోంచి బోల్టు దిగిన ప్రతి చోటా, అంటే రెయిలింగ్ కాళ్ల దగ్గర, మాస్ట్ పీఠం దగ్గర, మాస్ట్‌ని పక్కల నుంచి పట్టి ఉంచే ష్రౌడ్ తీగల పట్టీల దగ్గర, ఏళ్ల తరబడి నీరు దిగి చెక్క కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట బొదబొదగా పలుకుతుంది. క్యాబిన్ లోపల మాస్ట్ సరిగ్గా కింద ఉండే స్తంభం అడుగు మెత్తబడిందేమో గోరుతో నొక్కి చూడండి. పాత పడవల్లో నీటిమట్టం కింద ఇత్తడి గేట్ వాల్వులు ఉంటాయి. వాటిని తిప్పి చూడమనండి. తిరగకపోయినా, గులాబీ రంగుకి తిరిగినా ఆ ఇత్తడి గుల్లబారింది. కంచు బాల్ వాల్వులు వేయించాలి.

రిగ్గింగ్‌లో తీగల కంటే కొసలు ముఖ్యం. తీగ కొసన నొక్కిన ఫిట్టింగుల మీద సన్నని నిలువు పగులు ఉందేమో భూతద్దంతో చూడాలి. తొలి తరం పడవల్లో స్ప్రెడర్లని (తీగల్ని మాస్ట్‌కి దూరంగా నెట్టి ఉంచే అడ్డకమ్మీలని) పట్టుకునే బ్రాకెట్లు పోత అల్యూమినియంవి. అవి పగులుతాయి, స్టెయిన్‌లెస్‌వి మార్చి ఉంటే ఆ యజమానికి పడవ తెలుసని అర్థం. తీగల వయసు అడగండి. చెప్పలేకపోతే పదేళ్లు దాటాయనుకుని కొత్తవి లెక్క వేసుకోండి.

మాస్ట్ 25 అడుగులు. అడుగున హింజ్ ఉండి వెనక్కి వాలుతుంది. ఇద్దరుంటే చేత్తోనే లేపొచ్చు: ఒకరు క్యాబిన్ పైకప్పు మీద భుజంతో ఎత్తుతూ ముందుకి నడవాలి, ఇంకొకరు ముందునుంచి తాడు లాగాలి. ముందు వైపు కింది ష్రౌడ్లు విప్పి ఉండాలి. పక్క ష్రౌడ్ల పట్టీలు హింజ్ కంటే కిందుగా ఉంటాయి కాబట్టి మాస్ట్ సగంలో ఉండగా అవి వదులవుతాయి, మాస్ట్ పక్కకి ఒరిగి హింజ్‌ని విరిచేయగలదు. బేబీ స్టేలు అనే అదనపు పక్కతాళ్లు, మాస్ట్ లేపడానికి ఆసరా ఇచ్చే జిన్ పోల్ అనే కర్ర ఉంటే ఆ భయం లేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇవి ఫర్లర్ కన్నా విలువైన సామాను. ఇంకో తరచు పొరపాటు: లేపేటప్పుడు తీగల బిగువు సరిచేసే టర్న్‌బకిల్ అడ్డంగా పడి వంగిపోతుంది. మధ్యమధ్య ఆగి అన్నీ నిలువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వంగిన టర్న్‌బకిల్‌ని తిరిగి సరిచేసి వాడకూడదు. అన్నిటికంటే ముందు తల ఎత్తి కరెంటు తీగలు చూడాలి. అల్యూమినియం మాస్ట్ వాటికి తగిలితే ప్రాణం పోతుంది.

ఫర్లర్ ఉంటే జిబ్ (ముందు చాప) చుట్టడం వెనక కూర్చునే కాక్‌పిట్‌లోంచే అయిపోతుంది, ముందు డెక్ మీదికి ఎవరూ పోనక్కర్లేదు. చిన్నపిల్లలున్న వాళ్లకి ఇది నిజమైన సుఖం. మాస్ట్ లేపేటప్పుడు మాత్రం ఆ పొడవాటి గొట్టం వంగి విసిగిస్తుంది. వాడి చూస్తే, రెండూ కలిపి లాభమే.

ట్రైలర్‌ని పడవంత శ్రద్ధగా చూడండి. పడవ, ట్రైలర్, మోటారు, సామాను, నీళ్లు అన్నీ కలిపి 3,500 పౌండ్ల దరిదాపుకి వస్తాయి. లాగే బండికి దాని మీద గట్టి మార్జిన్ ఉండాలి. టైరు పక్కన తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైరు గాడి ఎంతున్నా పారేయాలి. ఇవి అరిగి పోవు, ఎండకి పగిలి పోతాయి. చక్రం పైకెత్తి తిప్పితే బేరింగ్ గరగర అనకూడదు. దూరం నుంచి వచ్చిన వెంటనే ర్యాంప్ మీద నీళ్లలోకి దించకండి. చక్రం మధ్యనుండే వేడి హబ్ చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీల్ దాటి నీటిని లోపలికి లాక్కుంటుంది. బేరింగులు దారిలో కాలిపోవడానికి ఇదే పెద్ద కారణం. మాస్ట్ లేపే గంట సేపు హబ్‌లు చల్లారడానికి వాడుకోండి. ర్యాంప్ వాలు తక్కువైతే పడవ తేలేలోపే కారు వెనక చక్రాలు మునుగుతాయి. అందుకే ట్రైలర్ ముందువైపున, బయటికి సాగదీసి పొడవు పెంచుకోగలిగే కమ్మీ ఉందేమో చూడాలి. ఇది జాబితాల్లో అరుదుగా కనిపిస్తుంది, అవసరం మాత్రం ప్రతిసారీ పడుతుంది.

క్యాబిన్‌లో అయిదుగురు పడుకోవచ్చని కంపెనీ లెక్క. అయిదుగురు పడుకుంటే సంచులు పెట్టడానికి చోటుండదు. నలుగురికి, అందులో ఇద్దరు పిల్లలైతే, బాగుంటుంది: పిల్లలకి ముందు వీ ఆకారపు పడక, పెద్దలకి బల్ల దించి చేసుకునే పడక. లోపల నిటారుగా నిలబడలేరు. పాప్‌టాప్ ఉన్న పడవైతే లంగరు వేశాక కప్పు ఎత్తుకోవచ్చు, వంటకీ గాలికీ ప్రాణం లేచొస్తుంది. పాప్‌టాప్ సీలు పాతబడితే వానకి కారుతుంది, బకెట్టుతో నీళ్లు పోసి చూడండి.

నీళ్లలో ఇది సౌమ్యమైన పడవ. నీటిని తాకే పొడవు, అంటే నీటిరేఖ, 19 అడుగుల పైన కాబట్టి 6 నాట్లకి (నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు) కొంచెం లోపే దీని గరిష్ఠ వేగం. గాలి 12–15 నాట్లకి రాగానే ప్రధాన చాప ఒక రీఫ్ తగ్గించండి, అంటే కొంత మడిచి కట్టి చిన్నది చేయండి. తగ్గించకపోతే బాగా ఒరిగి టిల్లర్ బరువెక్కుతుంది, వేగం మాత్రం పెరగదు. రీఫ్ తాళ్లు అమర్చి ఉన్నాయో, నిజంగా పనిచేస్తాయో విప్పి చూపించమనండి. 150 శాతం జెనోవా అనే పెద్ద ముందు చాప ఒక్కటే ఇస్తున్నారంటే కుటుంబ ప్రయాణానికి చిన్నదైన 110 శాతం జిబ్ ఒకటి వేరే కొనుక్కోవాల్సి వస్తుంది.

మోటారు 4 నుంచి 6 హార్స్‌పవర్ చాలు, షాఫ్ట్ మాత్రం పొడవుది, కనీసం 20 అంగుళాలది ఉండాలి. పొట్టి షాఫ్ట్ అయితే అల లేచినప్పుడల్లా ప్రొపెల్లర్ గాల్లో తిరుగుతుంది, సరిగ్గా అవసరమైనప్పుడే పడవ కదలదు. మీరు వెళ్లేసరికి మోటారు వేడిగా ఉందంటే ఇంకోరోజు వెళ్లండి. చల్లటి మోటారు ఎన్ని లాగులకి అందుకుంటుందో చూడటం ముఖ్యం. చల్లదనానికి తిరిగే నీటి ధార సన్నగా ఉంటే ఆ నీళ్లు తోడే ఇంపెల్లర్ అరిగినట్టే, అది మార్చడం తేలిక.

మిగతా సామానులో నిజంగా పనికొచ్చేవి: నీళ్లలోంచి దించుకోగలిగే నిచ్చెన, 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో, లోతు చెప్పే యంత్రం, గొలుసు కట్టిన లంగరు. లంగరు తాడు పూర్తిగా బయటికి తీసి చూడండి. చాలా పడవల్లో చివర కొస ఎక్కడా కట్టి ఉండదు. డెక్ అంచున రక్షణగా కట్టే తీగల్లో, అంటే లైఫ్‌లైన్‌లలో, ప్లాస్టిక్ పూత వేసినవి అందంగా ఉంటాయి గానీ ఆ పూత కింద తుప్పు దాగుతుంది. అవి మార్చేయండి. అమ్మేవాళ్లిచ్చే లైఫ్ జాకెట్లు మీ పిల్లల కొలతకి సరిపోతాయని అనుకోవద్దు.

చివరిగా కాగితాలు. పడవకి, ట్రైలర్‌కి, మోటారుకి నంబర్లు వేరు, చాలా చోట్ల కాగితాలూ వేరే. వెనక పలక కుడి పై మూలన చెక్కి ఉండే పడవ నంబరుని కాగితంతో అక్షరం అక్షరం సరిచూడండి. ట్రైలర్ కాగితం ‘తర్వాత పంపిస్తాం’ అంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.