గోడలో పైపుల మోత: అరెస్టర్, ప్రెషర్ వాల్వ్ మూడేళ్లు వాడాక

మాది హైదరాబాద్‌లో పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. నీళ్లు పైన ట్యాంకు నుంచే దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ (ప్రెషర్ కొలత) చొప్పున చూస్తే మా దాకా వచ్చేసరికి ప్రెషర్ మూడున్నర బార్లు దాటుతుంది. వాషింగ్ మెషీన్ నీళ్లు పట్టడం ఆపినప్పుడల్లా పడగ్గది గోడలో ఎవరో సుత్తితో బాదినట్టు ఉండేది. మెషీన్‌లోని వాల్వ్ ఠక్కున మూసుకుంటుంది, వేగంగా వస్తున్న నీళ్లకు పోయే దారి ఉండదు. ఆ దెబ్బంతా పైపు మీదే.

ప్లంబర్ మొదట చెప్పింది పాత చిట్కా. లైనుకు టీ (మూడు దారుల జాయింట్) వేసి, అడుగు పొడవు పైపు నిలువుగా పెట్టి పైన మూత బిగించడం. అందులోని గాలి దెబ్బను ఆపుకుంటుంది. పనిచేస్తుంది గానీ, ఆ గాలి మెల్లగా నీళ్లలో కరిగిపోతుంది, మోత మళ్లీ మొదలు. అప్పుడప్పుడూ లైను ఖాళీ చేసే ఓపిక ఉంటే అదే చాలు. మాకు లేదు కాబట్టి అరెస్టర్ అనే, దెబ్బను ఆపుకునే చిన్న పరికరం తెప్పించాం. ఇందులో గాలికీ నీళ్లకూ మధ్య పిస్టన్ ఉంటుంది, అందుకే గాలి నీళ్లలో కరిగిపోదు. కుళాయికీ మెషీన్ పైపుకీ మధ్య బిగించారు, గోడ పగలగొట్టే పని పడలేదు. ఇప్పటికీ ఆ దెబ్బ వినపడదు.

అయితే అది తన పక్కనున్న వాల్వుకే పనికొస్తుంది. బాత్‌రూమ్ కుళాయి తిప్పితే గోడంతా హోరెత్తడం ఆగలేదు. ఫ్లాట్‌లోకి లైను వచ్చే చోట ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టి రెండు బార్లకు సెట్ చేశాకే ఇల్లు ప్రశాంతంగా ఉంది. నన్నడిగితే కింది అంతస్తుల వాళ్లు ముందు కొనాల్సింది ఇదే. పై అంతస్తుల వాళ్లకు అసలే ధార సన్నం, దీని జోలికి పోవద్దు. మావి ఉప్పు నీళ్లు కదా, వాల్వ్ జాలీలో సున్నం పేరుకుంటుంది. ఏడాదికోసారైనా విప్పి కడగకపోతే షవర్ ఏడుస్తుంది.

గీజర్ వేశాక వచ్చే టక్ టక్ వేరే సంగతి. మూడు మీటర్ల సీపీవీసీ పైపు (వేడినీళ్లకు వేసే ప్లాస్టిక్ పైపు) వేడి 40 డిగ్రీలు పెరిగితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. సిమెంటులో బిగుసుకుపోతే అలా చప్పుడు చేస్తుంది. గోడ తెరిచినప్పుడు పైపుకు ఫోమ్ తొడిగించడమే దారి.

పై ఫ్లాట్ ఫ్లష్ నీళ్లు షాఫ్ట్‌లో దిగే హోరుకు ఇవేవీ పనికిరావు. అది డ్రైనేజీ పైపు. మందం పైపులు వేయించాలన్నా, ఉన్నవాటికి బరువైన షీటు చుట్టించాలన్నా అసోసియేషన్ ఒప్పుకోవాలి. మా దగ్గర ఆ విషయం ప్రతి మీటింగులోనూ వచ్చి వాయిదా పడుతోంది.