జిరాక్స్ షాపుకి థునార్ పనికొస్తుందా?

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు మాది. నోటిఫికేషన్ ఎప్పుడు పడినా అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు మాత్రం లాస్ట్ డేట్ రోజే వస్తారు. "అన్నా, ఫొటో యాభై కేబీ లోపు ఉండాలంట, జర చేసియ్యవా?" అని.

2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. నాలుగు జీబీ ర్యామున్న పాత సిస్టమ్‌ని అమ్మితే ఏమొస్తుందని, అందులో విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే ఎడిషన్. తేలిగ్గా నడుస్తుంది, అది అందరూ చెప్పేదే. నాకు నచ్చింది దాంతోపాటు వచ్చే ఫైల్ మేనేజర్, థునార్. అంటే ఫోల్డర్లు, ఫైళ్లు తెరిచి చూసుకునే ప్రోగ్రామ్.

ఎడిట్ మెనూలో 'కన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్' అని ఉంటుంది. అక్కడ ఒక పేరు పెట్టి, ఒక కమాండ్ రాస్తే అది రైట్ క్లిక్ మెనూలోకి వచ్చేస్తుంది. నేను పెట్టిన మొదటి పేరు '50 కేబీ ఫొటో'. వెనకాల పని చేసేది ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోలు మార్చే ప్రోగ్రామ్, దాన్ని విడిగా వేసుకోవాలి. జెపెగ్ సైజు ఇంత దాటకూడదని దానికి చెప్పొచ్చు, క్వాలిటీ తగ్గించుకుంటూ ఆ లోపుకి తెస్తుంది. కాకపోతే అంతకన్నా ముందు పొడవు వెడల్పులు తగ్గించే మాట కూడా కమాండ్‌లో ఉండాలి. లేదంటే ఫోన్‌లో తీసిన పెద్ద ఫొటో యాభై కేబీకి దిగేసరికి మొహమంతా గళ్లు గళ్లుగా అయిపోతుంది. రెండో ట్యాబ్‌లో 'ఇమేజ్ ఫైల్స్' ఒక్కదానికే టిక్ పెట్టాను, పీడీఎఫ్ మీద క్లిక్ చేస్తే ఈ పేరు కనిపించదు. కౌంటర్‌లో కూర్చునే మా తమ్ముడికి కమాండ్లంటే పడదు, అయినా ఈ పని కళ్లు మూసుకుని చేసేస్తున్నాడు.

సినమన్, కేడీఈ అనే వేరే లినక్స్ డెస్క్‌టాప్‌లతో వచ్చే ఫైల్ మేనేజర్లు నీమో, డాల్ఫిన్‌లలోనూ ఇలాంటివి పెట్టుకోవచ్చు. కానీ అక్కడ మామూలుగా ఒక చిన్న ఫైల్ రాసి సరైన ఫోల్డర్‌లో పడేయాలి. ఇక్కడ డబ్బాలు నింపితే చాలు. నా ఓటు థునార్‌కే.

స్కాన్లన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 కొడితే ఒకేసారి పేర్లు మార్చే కిటికీ తెరుచుకుంటుంది, అది బాగుంది. నేను ఎక్కువగా వాడేది మాత్రం ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని 'హైలైట్'. డబ్బులు రావాల్సిన వాళ్ల ఫోల్డర్‌కి ఎర్ర రంగు వేస్తాను. ఖాతా పుస్తకం తెరవక్కర్లేదు! ఆ రంగు ఈ సిస్టమ్‌లోనే ఉంటుంది, ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేరే చోటికి తీసుకెళ్తే అక్కడ కనబడదు.

డెస్క్‌టాప్ సోకుల జోలికి పోలేదు. ప్యానెల్ ఎత్తు, అక్షరాల సైజు పెంచాను, అంతే. మా తమ్ముడు మ్యాక్‌లా ఉంటుందని కింద ఒక డాక్, అంటే ప్రోగ్రామ్‌ల బొమ్మల వరస, పెట్టాడు. ప్రింట్ బటన్ మీదకి వస్తోందని తీసేయించాను.

లోపాల్లో పెద్దది, కస్టమ్ యాక్షన్ నోరు విప్పదు. పని అయిందో లేదో చెప్పదు, తప్పు జరిగినా చాలాసార్లు గప్‌చుప్‌గా ఊరుకుంటుంది. అసలు ఫైల్ మీదే రాసేసే కమాండ్ ఇచ్చారంటే కంట్రోల్ జెడ్ కొట్టినా పాత ఫొటో రాదు. కొత్త పేరుతో సేవ్ అయ్యేలా రాసుకోండి. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో పెళ్లి కార్డులు కొట్టే షాపులైతే మాత్రం ఒక విండోస్ సిస్టమ్ ఉంచుకోక తప్పదు, మేమూ ఉంచుకున్నాం.

ఈ యాక్షన్లన్నీ రెండో కౌంటర్‌కి కావాలంటే థునార్‌లో మీ హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్ హెచ్ కొట్టండి. దాగి ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లో థునార్ అని ఉంటుంది, అందులోని యూసీఏ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని కాపీ చేసుకుంటే సరి. ఇమేజ్‌మ్యాజిక్ అక్కడ కూడా వేయాలి. లేకపోతే మెనూలో పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు.