గిటార్ బాణీలు: చెవితోనా, టాబ్‌తోనా? కొన్నేళ్ల వాడకం తర్వాత

కొన్నేళ్లుగా గిటార్ మీద కొత్త బాణీలను రెండు దారుల్లోనూ నేర్చుకుంటున్నాను: టాబ్ (తీగలను గీతలుగా, నొక్కాల్సిన చోటును అంకెలుగా చూపే రాత) చూసి, రికార్డింగ్ విని. టాబ్ ఎలా చదవాలో ఇక్కడ చెప్పనక్కర్లేదు. దాని మీద నాకున్న కోపం మాత్రం చెప్పాలి. ఏ తీగ, ఎన్నో ఫ్రెట్ (వీణ మెట్టు లాంటిది) అన్నది చెబుతుంది. ఆ స్వరం ఎంతసేపు మోగాలో చెప్పదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మామూలు టాబ్‌లు చాలావరకు ఇంతే.

'స్పానిష్ రొమాన్స్' అనే పేరున్న గిటార్ బాణీ సంగతే తీసుకోండి. మొదటి తీగ మీద ఏడో ఫ్రెట్, ఆ వెంటనే రెండో తీగ, మూడో తీగ ఖాళీగా, అంటే ఏ ఫ్రెట్ నొక్కకుండా. టాబ్‌లో 7, 0, 0. మూడు అంకెలకూ ఒకటే బరువు. అలాగే మీటితే తప్పు స్వరం ఒక్కటీ పడదు, బాణీ మాత్రం పలకదు.

ఒక సాయంత్రం టాబ్ మూసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డింగ్‌ను శ్రుతి మారకుండా సగం వేగానికి తగ్గించి విన్నాను. ఒక్క గిటార్‌లో మూడు గొంతులు! ఉంగరపు వేలు మీటే పై స్వరం మిగతా రెండింటి మీదుగా సాగుతోంది. ఆ రెండూ మెత్తగా, కాస్త వెనక్కి తగ్గి వినిపిస్తున్నాయి. బొటనవేలు మీటిన ఆరో తీగ బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటి విభాగం) పూర్తయ్యేదాకా మోగుతూనే ఉంది. ఏడో ఫ్రెట్ మీది వేలు ఎత్తకూడదని ఏ అంకే చెప్పలేదు, సాగుతున్న ఆ స్వరం చెప్పింది. ఆ రోజు మొదటి నాలుగు బార్లు దాటి ముందుకు వెళ్లాలనిపించలేదు.

అయితే చెవి ఒక్కటే చాలదు. అదే బాణీలో కొంత దూరం పోయాక పై స్వరం ఒక్కసారిగా ఎగురుతుంది. స్వరం ఏదో తెలిసింది, చెయ్యి ఎక్కడ ఉండాలో తెలియలేదు. చూపుడు వేలితో ఏడో ఫ్రెట్‌ను అడ్డంగా అదిమి, చిటికెన వేలిని పదకొండో ఫ్రెట్ దాకా చాచాలని చూపించింది టాబే. కార్డ్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) నిండుగా మోగే చోట లోపలి స్వరాలు నాకు ఇప్పటికీ సరిగా చిక్కవు. వేగం మరీ తగ్గిస్తే ధ్వని మసకబారుతుంది. ఫోను స్పీకరులో అయితే మంద్రస్వరాలు దాదాపు వినబడవు.

చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. గురువుగారు పాడింది విని అప్పజెప్పడం అలవాటు కనుక ఈ పద్ధతి నాకు త్వరగా వంటబట్టింది. ఆ అలవాటు లేనివారికి మొదట్లో విసుగు పుట్టవచ్చు. పైగా నాకు గ్రేడ్ పరీక్షలు లేవు, ఒకే బాణీతో వారాలు గడిపినా అడిగేవారు లేరు. గడువు ఉన్నవారు స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి), టాబ్ కలిపి అచ్చువేసిన పుస్తకం కొనుక్కోవడం మేలు. స్వరం నిడివి అందులో ఉంటుంది. నేనైతే పై గొంతును పాడగలిగాకే టాబ్ తెరుస్తున్నాను.