రెజాంగ్ లా వార్ మెమోరియల్, చుషూల్ (లద్దాఖ్): పెదనాన్నతో వెళ్ళొచ్చాక రాస్తున్నా

సెప్టెంబర్‌లో లేహ్ వెళ్ళాం, నేనూ మా పెదనాన్నా. ఆయన ఆర్మీలో సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి రిటైర్ అయ్యారు. మాది తాడేపల్లిగూడెం వైపు, మిలటరీ మాధవరం పక్కనే కాబట్టి మా చుట్టుపక్కల మిలటరీ వాళ్ళు లేని వీధి ఉండదు. పెదనాన్నకి ఎన్నేళ్ళుగానో ఒకటే కోరిక, 1962 చైనా యుద్ధంలో మన జవాన్లు చివరిదాకా పోరాడిన కొండ కనుమ రెజాంగ్ లా ఒక్కసారి చూడాలని. ముందు మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్ళు (పేరు ఎందుకులెండి) "అక్కడేం ఉండదు సార్, పాంగాంగ్ సరస్సు చూసి వెనక్కి వచ్చేయండి, ఒక రోజు వేస్ట్" అన్నారు. ఆ మాటకి పెదనాన్న ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ప్యాకేజీ క్యాన్సిల్ చేసుకుని లేహ్‌లోనే లోకల్ టాక్సీ మాట్లాడుకున్నాం. మీకు కూడా ఎవరైనా అక్కడేం ఉండదు అంటే నమ్మకండి, ఈ రివ్యూ రాసేది అందుకే.

ముందు పనికొచ్చే విషయాలు చెప్పేస్తా. లేహ్ నుంచి చాంగ్ లా కనుమ ఎక్కి దిగి, టాంగ్‌త్సే, స్పాంగ్మిక్, మెరాక్ మీదుగా చుషూల్. చాంగ్ లా 17 వేల అడుగుల పైన, కాబట్టి లేహ్‌లో దిగిన వెంటనే బయల్దేరొద్దు, మేం మూడు రోజులు ఆగాం, పెద్దవాళ్ళు ఉంటే డాక్టర్‌ని అడిగే వెళ్ళండి. ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాలకి వెళ్ళే అనుమతి) సంగతి లేహ్‌లోనే కనుక్కోండి, ఆధార్ ఒరిజినల్ దగ్గరుంచుకోండి. ప్రీపెయిడ్ సిమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. టాక్సీ డ్రైవర్ లద్దాఖీ కుర్రాడు, ఎక్కడా తొందర పెట్టలేదు, పెదనాన్నకి ఊపిరి కాస్త బరువైతే తనే బండి ఆపి వేడి నీళ్ళు పోసి ఇచ్చాడు. రాత్రి చుషూల్‌లో ఒక ఇంట్లోనే ఉన్నాం, హోమ్‌స్టే. బుఖారీ (గది వేడి చేసే పొయ్యి) పక్కన కూర్చోబెట్టి తుక్పా (నూడుల్స్ సూప్) పెట్టారు. ఆ ఇంటావిడ చెప్పింది, 2020లో చైనాతో గొడవలప్పుడు పైన కొండల మీద మన సైన్యం ఉంటే ఈ ఊరి వాళ్ళే నీళ్ళ డబ్బాలు, రేషన్ వీపు మీద మోసి పైకి చేర్చారంట. నేనసలు ఎరగను ఆ సంగతి.

మెమోరియల్‌కి పొద్దున్నే వెళ్ళాం. 2021 నవంబర్ 18న కొత్తగా కట్టి ప్రారంభించినది ఇది, రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి, 1962లో ఇక్కడ పోరాడిన బెటాలియన్‌లో పని చేసిన బ్రిగేడియర్ జటార్ గారి వీల్ చైర్ తనే తోసుకెళ్ళింది ఆ రోజే. లోపల మ్యూజియం ఉంది, చిన్న థియేటర్ ఉంది, అన్నీ చూడండి కానీ ఎక్కువ టైమ్ మాత్రం పేర్ల దగ్గర ఉంచుకోండి. వరుసగా ఆ యుద్ధంలో పోయిన జవాన్ల పేర్లు, దాదాపు అందరూ హర్యానా అహీర్లు, రేవాడీ, మహేంద్రగఢ్, గుర్గావ్ వైపు ఊళ్ళ వాళ్ళు, మంచు అంటే ఏంటో తెలియని మైదానం మనుషులు. పెదనాన్న గ్లవ్స్ తీసేసి ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టుకుంటూ చదివారు. నేను వద్దంటే వినలేదు. వేళ్ళు నీలంగా అయిపోయాయి, అప్పుడు సెప్టెంబరే.

వాళ్ళున్నది నవంబర్‌లో. 1962 నవంబర్ 18 తెల్లవారుజామున, 16 వేల అడుగుల పైన, మైనస్ 20 కంటే కింద చలి. 13 కుమావ్ బెటాలియన్, చార్లీ కంపెనీ, దాదాపు 120 మంది, మేజర్ షైతాన్ సింగ్ కమాండర్. ఒంటి మీద ఆ చలికి సరిపడే బట్టలు లేవు, నేల గడ్డకట్టి మోర్చాలు (దాక్కుని కాల్చే గుంటలు) తవ్వడమే గగనం, చేతిలో ఒక్కొక్క తూటాకీ బోల్ట్ లాగాల్సిన పాత .303 రైఫిళ్ళు. మధ్యలో కొండ అడ్డం రావడంతో మన ఫిరంగుల సాయం వాళ్ళకి అందే దారే లేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు పెదనాన్న కొంచెంసేపు ఆగిపోయారు, "గన్ సపోర్ట్ లేదని ముందే తెలుసురా అబ్బాయ్, తెలిసీ కూర్చున్నారు" అన్నారు.

కొండల మధ్య ఇరుకు దారుల్లోంచి చైనా వాళ్ళు గుంపులు గుంపులుగా ఎక్కి వస్తే మొదటి దాడుల్ని తిప్పికొట్టారు, తర్వాత ఫిరంగులతో కొట్టి వెనక నుంచి కూడా చుట్టుముట్టారు. మేజర్ ఒక ప్లాటూన్ నుంచి ఇంకో ప్లాటూన్‌కి ఆ కాల్పుల మధ్యే తిరుగుతూ ఉన్నారు, చేతికి తగిలింది, తర్వాత కడుపులో తగిలింది, మోసుకెళ్తున్న జవాన్లని నన్ను వదిలేసి మీరు పోండి అన్నారు. బండరాయి పక్కన పడుకోబెట్టారు, అక్కడే పోయారు. 110 మందికి పైగా ఆ రోజు పోయారు.

బతికొచ్చిన కొద్దిమంది ఇదంతా చెప్తే మొదట్లో నమ్మలేదు, పారిపోయి వచ్చారన్నట్టు చూశారు. ఇది నాకు అన్నిటికంటే బాధనిపించిన విషయం. మూడు నెలల తర్వాత, 1963 ఫిబ్రవరిలో, ఒక లద్దాఖీ గొర్రెల కాపరి అటు వెళ్తే కనపడ్డారు వాళ్ళు. మంచులో ఎలా ఉన్నవాళ్ళు అలాగే. రైఫిల్ పట్టుకున్న చేతుల్లో రైఫిల్ అలాగే ఉంది. మోర్టార్ జవాన్ చేతిలో బాంబు అలాగే ఉంది, వెయ్యి బాంబుల్లో మిగిలినవి 7, అవీ పేల్చడానికి సిద్ధంగా పెట్టుకున్నవే. నర్సింగ్ అసిస్టెంట్ ధరంపాల్ సింగ్ దహియా చేతిలో సిరంజి, బ్యాండేజీ. పారిపోలేదని వేరే ఎవరూ చెప్పాల్సిన అవసరం లేదు, ఆ చేతులే చెప్పాయి. మేజర్‌కి పరమ వీర చక్ర, కంపెనీకి 8 వీర చక్రలు, 4 సేనా మెడళ్ళు వచ్చాయి. మేజర్‌ని జోధ్‌పూర్ తీసుకెళ్ళారు, మిగతా వాళ్ళకి ఇక్కడే దహనం చేశారు, అంటే మనం నిలబడేది వాళ్ళ చితి దగ్గర. చెప్పులు విప్పమని ఎవరూ అడగరు గానీ పెదనాన్న బూట్లు విప్పారు.

డ్యూటీలో ఉన్న జవాన్ ఒకతను వచ్చి ఎక్కడి నుంచి అని అడిగాడు. తెలుగు వాళ్ళం అనగానే "కల్నల్ సంతోష్ బాబు సాబ్" అన్నాడు వెంటనే. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో పోయిన మన సూర్యాపేట ఆయన, మహా వీర చక్ర. అదీ ఈ తూర్పు లద్దాఖే. ఇంత దూరంలో మన వాళ్ళ పేరు అలా వినేసరికి నాకు గొంతు పట్టేసింది, పెదనాన్న అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టారు, ఆ కుర్రాడు తిరిగి కొట్టాడు.

ఒక్క రిక్వెస్ట్. మేమున్నప్పుడే ఒక బైకుల బ్యాచ్ వచ్చి పేర్ల గోడ ముందు పాటలు పెట్టి రీల్స్ తీసుకున్నారు. మా డ్రైవరే వెళ్ళి నెమ్మదిగా చెప్పాడు. పాంగాంగ్ దగ్గర ఎన్నైనా తీసుకోండి, ఇక్కడ వద్దు దయచేసి.

రేటింగ్ అడిగితే 5కి 5. రెండు గంటలైనా కేటాయించండి, గాలి బాగా కొడుతుంది, చెవులకి టోపీ మర్చిపోవద్దు. ప్రతి ఏడూ నవంబర్ 18న అక్కడ నివాళి కార్యక్రమం జరుగుతుంది. ఆ రోజుకి ఇంకోసారి వెళ్దామని పెదనాన్న ఇప్పటి నుంచే అంటున్నారు, ఆ చలికి ఈ వయసులో పంపనని పెద్దమ్మ, ఇంకా తేలలేదు.