బాలాజీ కాలనీలో వీకెండ్ పాలిటీ క్లాస్ ఎలా ఉందంటే

తిరుపతిలో కోచింగ్ సెంటర్లకి కొదవేం లేదు గానీ ఈ పాలిటీ (రాజ్యాంగం, ప్రభుత్వం సబ్జెక్టు) క్లాస్ గురించి రాయాలనిపించింది, ఎందుకంటే అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, అనే బోరు టాపిక్‌ని సార్ చార్టులు గీర్టులు ఏమీ లేకుండా జాన్ డింగెల్ అనే ఒక్క మనిషి కథ పెట్టుకుని లాగించేసినారు.

ఈయన మిచిగాన్ డెమొక్రాట్. వాళ్ళ నాయన 1933 నుంచి ప్రతినిధుల సభలో మెంబరు, 1955లో ఆయన పోతే ఉప ఎన్నికలో కొడుకు 29 ఏళ్ళకే గెలిచి 2015 జనవరి దాకా ఉన్నాడు, అంటే 59 ఏళ్ళ పైమాటే, కాంగ్రెస్‌లో అంత కాలం ఇంకెవరూ లేరు. తర్వాత ఆ సీట్లో గెలిచింది భార్య డెబీ. ఇక్కడ క్లాసంతా ఒకటే నవ్వు, ఇది చిత్తూరు జిల్లా వాళ్ళకి చెప్పాల్నా సార్ అని.

సార్ అక్కడితో వదల్లేదు. నాయన 1943లో అందరికీ ఆరోగ్య బీమా బిల్లు పెడితే కొడుకు రెండేళ్ళకోసారి వచ్చే ప్రతి కొత్త కాంగ్రెస్‌లో దాన్ని మళ్ళీ పెడతానే వచ్చినాడంట, 1965లో మెడికేర్ (ముసలోళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పాసయ్యేటప్పుడు సభ నడిపే కుర్చీలో ఉన్నది ఈయనే, అప్పటి చెక్క సుత్తినే 2010లో ఒబామా హెల్త్ బిల్లు రోజు అప్పటి స్పీకర్ పెలోసీకి ఇచ్చినాడు. అసలు మజా కమిటీల దగ్గర. 1981 నుంచి 95 దాకా, మళ్ళీ 2007 నుంచి ఎనర్జీ అండ్ కామర్స్ కమిటీ ఛైర్మన్, ఈయన సంతకంతో ప్రశ్నల లెటరు వస్తే ఆఫీసర్లకి చెమటలే. మన పార్లమెంటులో శాఖల వారీ స్టాండింగ్ కమిటీలు 1993లో వచ్చినాయి, రిపోర్టు ఇస్తాయి, గవర్నమెంటు ఒప్పుకోవాలని రూలేం లేదు, అక్కడేమో ఛైర్మన్ తల్చుకుంటే బిల్లు కమిటీలోనే పండుకుంటుంది. ఈ తేడా నాకు ఏ గైడులోనూ ఎక్కలేదు.

పొగిడి వదిలేయలేదు, అది నచ్చింది. 1973లో అంతరించే జంతువుల్ని కాపాడే చట్టం తెచ్చిన మనిషే డెట్రాయిట్ కార్ల కంపెనీల కోసం మైలేజీ రూల్స్‌కి అడ్డం పడినాడు, కడాకి 2008లో సొంత పార్టీ మెంబరు వాక్స్‌మన్ పార్టీ ఓటింగ్‌లో 137-122తో ఛైర్మన్ పదవి లాగేసుకున్నాడు.

మైనస్‌లు ఉండాయి. మైకు లేదు, వెనక బెంచీకి ఫ్యాన్ సౌండే. కరెంట్ అఫైర్స్‌కి వేరే ఆయన వచ్చి పేపర్ చదివి పోతాడు, దానికి ఫీజు దండగ. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్ళు పాలిటీ ఒక్కటే కట్టండి, విడిగా ఇస్తారు, అడిగితేనే చెప్తారు.