పెద్ద టైర్లతో స్టీరింగ్ వణుకు: వెయిట్లా, రోడ్ ఫోర్సా, బీడ్సా? ఏది మేలు?

33 అంగుళాలో 35 అంగుళాలో మడ్ టెరైన్ (బురద దారుల కోసం చేసిన) టైర్లు ఎక్కించినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఎనభై దాటగానే స్టీరింగ్ అదురుతోంది. బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా పోలేదు. ఇప్పుడు రోడ్ ఫోర్స్ చేయించాలా, లేక టైర్లో బీడ్స్ పోయించాలా?" రోడ్ ఫోర్స్ అంటే రోలర్‌తో టైరును నొక్కి అది ఎక్కడ గుండ్రం తప్పిందో కొలవడం, బీడ్స్ అంటే టైరు లోపల పోసే సన్నని పూసలు. రెండింటికీ వాటి చోటు ఉంది. కానీ ఆ రెండుసార్లు చేసిన బ్యాలెన్సింగ్‌లో, అంటే చక్రాన్ని మెషిన్ మీద తిప్పి తేలికైన చోట చిన్న వెయిట్లు తగిలించే పనిలో, చక్రం సరిగ్గా మధ్యలో కూర్చుందో లేదో ముందు తేల్చుకోవాలి. నా లెక్కలో ఈ గొడవంతా తేలేది అక్కడే.

వణుకు టైర్లదే అనుకుని మాట్లాడుతున్నాం కాబట్టి, కానివాటిని రెండు మాటల్లో తీసేద్దాం. బ్రేక్ నొక్కినప్పుడే వస్తే డిస్కులు చూడండి. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగి వదిలితే తగ్గితే డ్రైవ్ షాఫ్టు, సీవీ జాయింట్లు చూడండి. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండి గతుకులో పడి, ఆపేదాకా ముందుభాగమంతా కొట్టుకుంటే ఆ ఇరుసును పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ బోల్టులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు చూడాలి. దాన్ని బ్యాలెన్సింగ్‌తోనో, కొత్త స్టీరింగ్ డ్యాంపర్‌తోనో కప్పిపుచ్చితే మళ్లీ వస్తుంది. బ్యాలెన్స్ వణుకు వేగాన్ని బట్టి వస్తుంది, న్యూట్రల్‌లో వేసినా పోదు. ముందు చక్రాలదైతే చేతికి, వెనక చక్రాలదైతే సీటుకు తెలుస్తుంది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపండి. చోటు మారితే దోషం చక్రాల్లోనే ఉంది. అంతకన్నా ముందు రిమ్ము లోపలివైపు కడగండి. బురదలో తిరిగొచ్చిన బండికి అక్కడ ఎండిపోయిన మట్టిపెళ్ల చాలాసార్లు వెయిట్ల కంటే బరువుంటుంది.

కొన్ని గ్రాములకే ఇంత గోలేమిటి అనిపించొచ్చు. 33 అంగుళాల టైరు గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకు పదిసార్లకు పైగా తిరుగుతుంది. 17 అంగుళాల రిమ్ము అంచున 60 గ్రాముల తేడా మిగిలితే, ఆ వేగంలో అది దాదాపు 6 కిలోల బరువుతో సమానమైన లాగుడు అవుతుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి హబ్‌ను (చక్రం బిగించే భాగాన్ని) అటూ ఇటూ లాగుతుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. యాభైలో ఏమీ తెలియకపోవడం అందుకే.

వెయిట్లతో బ్యాలెన్సింగ్, సరిగ్గా చేస్తే

మామూలు డైనమిక్ బ్యాలెన్సింగ్‌కు చెడ్డపేరు రావడానికి కారణం మెషిన్ కాదు, చక్రాన్ని దానికి బిగించే తీరు. టైరూ రిమ్మూ కలిపి 35 కిలోలున్న చక్రం షాఫ్టు మీద 0.2 మిల్లీమీటరు పక్కకు కూర్చుందనుకోండి. 17 అంగుళాల రిమ్ము అంచు దగ్గర అది సుమారు 32 గ్రాముల దొంగ లెక్క అవుతుంది. మెషిన్ ఆ తప్పుకు కూడా వెయిట్లు వేయిస్తుంది, తెర మీద సున్నాలు చూపిస్తుంది. బండికి ఎక్కించాక చక్రం హబ్ మీద సరిగ్గా కూర్చునేసరికి ఆ 32 గ్రాములే వణికిస్తాయి. చిన్న కారు చక్రం ఇందులో సగం బరువైనా ఉండదు కాబట్టి అదే అశ్రద్ధ అక్కడ పెద్దగా బయటపడదు.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక. మెషిన్ సున్నా చూపించాక నట్టు వదులు చేసి, షాఫ్టును కదలనివ్వకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. 10 గ్రాములకు మించి తేడా వస్తే కోన్ (రిమ్ము మధ్య రంధ్రంలో దూరి చక్రాన్ని షాఫ్టు మీద మధ్యకు తెచ్చే శంకువు) సరిగ్గా కూర్చోలేదు, లేదా షాఫ్టు అరిగింది. అప్పుడు కోన్‌ను రిమ్ము వెనకవైపు నుంచి పెట్టించండి. బిగించేటప్పుడు ఒక చేత్తో చక్రాన్ని కాస్త పైకి ఎత్తి నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఆ బరువుకు చక్రం కోన్ మీద కిందికి జారి అలాగే బిగుసుకుంటుంది.

ఇంకో చిక్కుంది. కంపెనీ రిమ్ములు ఎక్కువగా హబ్ మీద, మధ్య రంధ్రం ఆధారంగా కూర్చుంటాయి. బయట కొన్న ఆఫ్‌రోడ్ రిమ్ములకు చాలావాటికి మధ్య రంధ్రం పెద్దది. అవి నట్ల ఆధారంగానే మధ్యకు వస్తాయి. ఆ రంధ్రం బోల్టుల వృత్తానికి సరిగ్గా మధ్యలో లేకపోతే, కోన్‌తో చేసిన బ్యాలెన్సింగ్ ఎంత శ్రద్ధగా చేసినా తప్పే. సగం చుట్టు పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేదు. ఇక్కడ కావలసింది ఫ్లాంజ్ ప్లేట్. నట్లు పడే రంధ్రాల్లోకి దాని పిన్నులు దూరి, బండి మీద ఉన్నట్టే చక్రాన్ని మెషిన్‌కు నొక్కి పడతాయి. బ్యాలెన్సింగ్‌కు వెళ్లే ముందు ఆ చోట ఫ్లాంజ్ ప్లేట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మెషిన్ ఏ కంపెనీదన్నది నేను రెండో ప్రశ్నగా కూడా అడగను.

మిగతావి చిన్న జాగ్రత్తలు. చాలా మెషిన్లు కొద్ది గ్రాముల లోపు తేడాను సున్నాగా చూపిస్తాయి, అసలు అంకె చూపే బటన్ నొక్కించండి. రిమ్ము వెడల్పు, వ్యాసం, మెషిన్ నుంచి రిమ్ముకు ఉన్న దూరం కొలిచి మెషిన్‌లో నమోదు చేయాలి, అంచనాతో కాదు. రెండు అంచుల లెక్కా విడిగా చూసే డైనమిక్ మోడ్‌లోనే చేయాలి. ఇంత వెడల్పు టైరుకు ఒక్క స్టాటిక్ మోడ్ చాలదు. అతికించే వెయిట్లయితే రిమ్ము లోపల ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అతికించి గట్టిగా నొక్కాలి. బురదలో తిరిగే బండికి పైన అల్యూమినియం టేపు వేస్తే ఇంకొంతకాలం నిలుస్తాయి. ఒకే వైపు 150 గ్రాములు దాటి అడుగుతుంటే వెయిట్లు పేర్చుకుంటూ పోవద్దు. గాలి తీసి టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి, తరచుగా అంకె బాగా తగ్గుతుంది. టైరు పక్కగోడ కింద, రిమ్ము వెంబడి ఉండే గీత చుట్టూతా ఒకే ఎడంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోతే టైరు అంచు పూర్తిగా కూర్చోలేదన్నమాట. గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ ఎక్కించాలి. కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటించవద్దు, ప్రమాదం.

రోడ్ ఫోర్స్

బరువు ఎంత సమంగా ఉన్నా టైరు గుండ్రంగా లేకపోయినా, ఒకచోట గట్టిగా మరోచోట మెత్తగా ఉన్నా, చక్రం వణుకుతుంది. వెయిట్లు దాన్ని మార్చలేవు. రోడ్ ఫోర్స్ మెషిన్ రోలర్‌ను టైరుకు గట్టిగా నొక్కి తిప్పి, ఏ చోట ఎదురు ఎక్కువ తంతోందో కొలుస్తుంది. తర్వాత టైరు ఎత్తైన చోటును రిమ్ము పల్లానికి ఎదురుగా తెచ్చి తిరిగి ఎక్కిస్తారు. కొత్త టైర్ల మీద ఎర్ర చుక్క ఉంటే అది చెప్పేది సాధారణంగా ఈ ఎత్తైన చోటునే. పసుపు చుక్క తేలిక చోటు, అది వాల్వు దగ్గరకు రావాలి.

మెషిన్ దొరకకపోతే జాక్ మీద చక్రం తిప్పుతూ టైరు నడిమి గడ్డల (రోడ్డును తాకే రబ్బరు దిమ్మెల) దగ్గర డయల్ గేజ్ (సన్నని ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పెట్టండి. ఎత్తుపల్లాల తేడా 1.5 మి.మీ. దాటితే అనుమానించాల్సిందే. టైరును రిమ్ము మీద తిప్పి మళ్లీ కొలవండి. ఎత్తు టైరుతో పాటు జరిగితే దోషం టైరుది, వాల్వు దగ్గరే ఉండిపోతే రిమ్ముది. ఒక మాట: పెద్ద గడ్డల టైర్లకు రోడ్ ఫోర్స్ అంకె మామూలుగానే ఎక్కువ వస్తుంది, దాన్ని కారు టైరు పరిమితితో పోల్చి కంగారుపడొద్దు. అలాగే చాలా పెద్ద టైర్లు కొన్ని మెషిన్లలో పట్టవు.

బ్యాలెన్సింగ్ బీడ్స్

టైరు లోపల పోసే సన్నని సిరామిక్ లేదా గాజు పూసలివి. 33-35 అంగుళాల టైరుకు సుమారు 200 నుంచి 300 గ్రాములు పడతాయి. కచ్చితమైన కొలత ప్యాకెట్ మీది పట్టిక ప్రకారమే. ఒక వేగం దాటాక చక్రం ఊగే తీరు వల్ల అవి తేలికైన వైపుకు చేరతాయి. కొత్తగా మట్టి అంటుకున్నా, గడ్డలు అరిగినా తమంతట తామే సర్దుకుంటాయి. మెచ్చుకోదగ్గ గుణం ఇదొక్కటే. నెమ్మదిగా వెళ్లేటప్పుడు అడుగున దొర్లుతుంటాయి, వేగం అందుకునేటప్పుడు కాసేపు అదురు తెలుస్తుంది. చక్రం పక్కలకు ఊగే రకం తేడాను, అంటే లోపలి అంచుకూ బయటి అంచుకూ మధ్య ఉన్న తేడాను, పెద్దగా సరిచేయలేవు. గుండ్రం తప్పిన టైరుకు అసలే పనికిరావు.

వేయిస్తే పాత వెయిట్లన్నీ తీసేయించండి. టైరు లోపల సబ్బునీటి తడి పూర్తిగా ఆరాలి. తడి ఉంటే పూసలు ముద్దకట్టి ఒకచోట అతుక్కుంటాయి, అప్పుడు వణుకు మొదటికంటే ఎక్కువవుతుంది. పంక్చర్ ద్రవం పోసిన టైర్లలో వేయకూడదు. వాల్వులోకి పూస దూరితే గాలి కారుతుంది కాబట్టి ఫిల్టర్ ఉన్న వాల్వు పిన్ను తప్పనిసరి. ఖర్చు తగ్గించాలని బొమ్మ తుపాకుల ప్లాస్టిక్ గుళ్లు వేసేవాళ్లున్నారు. అవి పొడైపోతాయి.

హబ్‌కూ రిమ్ముకూ మధ్య బిగించే బ్యాలెన్సింగ్ రింగులు పనిచేస్తాయి, కానీ వాటి మందానికి బోల్టు పొడవు చాలాలి, బ్రేక్ కాలిపర్‌కు తగలకూడదు. బుడగ చూసి చేసే బ్యాలెన్సర్, లోపల పోసే ద్రవాలు ఈ పనికి వద్దు.

నా వరుస ఇది: ముందు ఫ్లాంజ్ ప్లేట్‌తో వెయిట్లు, అది చేసినా వణుకు మిగిలితేనే రోడ్ ఫోర్స్. 35 అంగుళాల లోపు టైర్లలో ఎక్కువ భాగం మొదటి అడుగులోనే సర్దుకుంటాయి. బీడ్స్ నేరుగా ఎంచుకునేది ఒక్క సందర్భంలోనే: 37 అంగుళాలు దాటిన టైర్లు, టైరు అంచును బోల్టుల రింగుతో బిగించే, బయటి అంచుకు వెయిట్ తగిలించే వీలులేని బీడ్‌లాక్ రిమ్ములు, వారం వారం బురద.

ఏ పద్ధతైనా చివర్లో బిగింపు దగ్గర పాడుచేసుకోవద్దు. హబ్ ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో గీకి తీయండి. చక్రం గాల్లో ఉండగానే నట్లను ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో బిగించి, నేలమీద దించాక టార్క్ రెంచ్‌తో బండి పుస్తకంలోని కొలతకు తేవాలి. 80-100 కి.మీ. నడిపాక మళ్లీ ఒకసారి చూడాలి. రాత్రంతా నిలబడ్డ బండి ఉదయం మొదటి కొన్ని కిలోమీటర్లు మాత్రమే అదిరి తర్వాత మామూలైతే, అది టైరు కింద పడ్డ చదును. దానికి మెషిన్ దాకా వెళ్లనక్కర్లేదు, ఆఫ్‌రోడ్‌లో దించిన గాలిని తిరిగి రోడ్డు ఒత్తిడికి నింపారో లేదో చూసుకోండి.